కుడికాలికి ఎడమకాలి రేకు

నాకు ఇరవై రెండో ఏట గజ్జల్లో తామర వచ్చింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నలభై ఏళ్ళు పట్టింది కాబట్టి, చదివేవాళ్ళు ముఖం చిట్లించకుండా కొంచెం ఓర్చుకోవాలి. అది చేతి మీద వచ్చి ఉంటే ఊరందరికీ చూపించి సలహాలు అడిగేవాణ్ణి. మెడ మీద వచ్చినా తువ్వాలు కప్పుకుని తిరిగేవాణ్ణి. ఒళ్ళంతా ఖాళీగా ఉండగా అది వెతుక్కుని వెతుక్కుని అక్కడికే వచ్చింది.

మాది తిరుత్తణిలో నేతవాళ్ళ వీధి. అప్పట్లో, అంటే డెబ్భైల చివర్లో, మా ఇళ్ళల్లో అన్నీ గుంత మగ్గాలే. నేలలో గుంత తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి, అడుగున ఉన్న బద్దలు తొక్కుతూ నెయ్యాలి. ఆ గుంతలో చెమ్మ ఏ కాలంలోనూ ఆరదు. పొద్దున కూర్చుంటే అన్నానికి లేవడం, మళ్ళీ అదే తడి లుంగీతో వచ్చి అదే చోట కూర్చోవడం. మేము నేసేదీ లుంగీలే. లోకానికంతా గాలాడే బట్ట నేసిచ్చి, మేము మాత్రం గాలి చొరని చోట బతికేవాళ్ళం.

వడియమంత మచ్చ నెల తిరిగేసరికి అప్పడమంత అయింది. నేతపనిలో కష్టమేమిటంటే, రెండు చేతులకూ రెండు కాళ్ళకూ పని ఉంటుంది. గోక్కోవాలంటే మగ్గం ఆపాలి. మగ్గం ఆపితే పక్క మగ్గం మీద ఉన్న నాయన తలెత్తి చూస్తాడు. అందుకని పోగు తెగిందన్న వంకతో కిందికి వంగేవాణ్ణి.

“ఏమిరా, ఈ నడుమ నీ మగ్గంలోనే ఇన్ని పోగులు తెగతాండాయే?” అని నాయన ఒకసారి అడిగాడు. నూలు మంచిది కాదన్నాను. నాయన నూలు చేత్తో లాగి చూసి, మళ్ళీ తన మగ్గం తొక్కసాగాడు.

ఇది ఇట్లా ఉండగా మా బావ, అంటే అక్క మొగుడు, నాకొక ఉద్యోగం చూశాడు. ఆయన తిరునిన్రవూరుకు అవతల ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు. అక్కడ మనుషుల్ని తీసుకుంటున్నారని నా పేరు ఇచ్చాడు. ఇంటర్వ్యూ అయిపోయింది. ఇక మిగిలింది మెడికల్ ఒక్కటే, అదీ నెల రోజుల్లో. అది దాటితే నేను గుంతలోంచి బయటికి వస్తాను. కాళ్ళ మీద నిలబడి, కిటికీలున్న చోట పని చేస్తాను. ఆ రోజుల్లో నాకు అంతకు మించిన కోరిక లేదు.

“మెడికల్ అంటే సుమ్మా ఊరికే నాడి పట్టి పంపిచ్చేది అనుకోవద్దు బామ్మర్దీ,” అన్నాడు బావ. “వరసగా నిలబెట్టి అన్నీ విప్పమంటారు. తోలు రోగం ఏమన్నా కనబడిందా, తిన్నగా ఇంటికే. మిషిన్ల కాడ అందరూ అంటుకోని తిరుగుతారు గదా.”

ఈ మాట ఆయన మామూలుగానే చెప్పాడు. నాకు మాత్రం కింద ఉన్న అప్పడం ఒక్కసారి భగ్గుమంది. మరునాడే డాక్టరు దగ్గరికి బయలుదేరాను.

బజారు వీధిలో ఒక డాక్టరు ఉండేవాడు. మంచివాడు. ఆయన్ని చూడాలంటే ముందు ఆయన కాంపౌండరును దాటాలి. ఆ కాంపౌండరుది మా వీధే, వరసకు నాకు మామ. గుడి మైకు లేకపోయినా ఆయన గొంతు మా మురుగయ్య కొండ మీదికి వినిపించేది. వచ్చినవాళ్ళ పేరూ రోగమూ అడిగి చీటీ రాయడం ఆయన పని. నేను వెళ్ళేసరికి బెంచీల మీద మా వీధి ఆడవాళ్ళు ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు.

“ఏం బాధ అల్లుడా?” అన్నాడు.

“డాక్టరుకు చెప్తా మామా.”

“డాక్టరుకు చెప్పేది నేనే గదా. చెప్పు. యాడ నొప్పి?”

బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. అందరూ నా రోగం కోసం చెవులు రిక్కించారు.

“మోకాలు,” అన్నాను.

“యా మోకాలు?”

“కుడిది.”

అబద్ధం ఆడినా అతికినట్టు ఉండాలంటారు. నాది మరీ బాగా అతికింది. లోపల డాక్టరు గదికి తలుపు లేదు, ఒక తెర ఉంది, ఆ తెరను పట్టుకుని మామ నిలబడ్డాడు. డాక్టరు నా మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. కాలు చక్కగా ఎగిరింది. ఏమీ కనబడటం లేదే అని ఇంకోసారి కొట్టాడు. చివరికి ఒక సీసాలో ఎర్రటి తైలం పోయించి ఇచ్చి, గట్టిగా రుద్దమన్నాడు.

ఇక్కడ నా తెలివి గురించి చెప్పుకోవాలి. ఇంటికి వస్తూ ఆలోచించాను. మందు మందే కదా. మోకాలి లోపల ఎముక దాకా పోయి నొప్పిని తరిమే మందు, పైపైన ఉన్న తామరను ఊరికే వదులుతుందా? మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని నడుము వాల్చిన వేళ పెరట్లోని తడిక వెనక్కి పోయి, డాక్టరు చెప్పినట్టే గట్టిగా రుద్దాను.

రెండు నిమిషాలు ఏమీ కాలేదు. మూడో నిమిషంలో నాకు కులదైవం కనబడింది. నేను అరవలేదు. అరిస్తే కారణం చెప్పాలి. నీళ్ళ కోసం చూస్తే తొట్టి అడుగంటి ఉంది. పక్కన నూలుకు పెట్టడానికి కాచి చల్లార్చిన గంజి బాన ఉంది. అందులో కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. అంత సుఖం నేను మళ్ళీ ఎక్కడా ఎరగను.

లేచాక అసలు కష్టం మొదలైంది. ఎండకు గంజి ఆరి లుంగీ అట్ట కట్టింది. లోపల మంట, బయట అట్ట. కాలు ముందుకు వెయ్యాలంటే మొదట పక్కకు తిప్పి, తర్వాత ముందుకు తేవాలి. అట్లా నేను పెరట్లోంచి వస్తుంటే అమ్మ ఎదురైంది.

“ఏమిరా ఆ నడక?” అని అడిగి, నేను నోరు తెరవకముందే తానే జవాబు చెప్పుకుంది. “మోకాలు అంట గదా, కాంపౌండరు వీధంతా చెప్తాండాడు. కన్నతల్లికి చెప్పేదానికేం నాయనా నీకు?”

అవునన్నాను. ఆ గంజి పెట్టిన నూలుకు వారం రోజులు తైలం వాసన వచ్చింది. నాయన పోగు వేసినప్పుడల్లా ముక్కుతో చూసేవాడు.

మాలాంటి వాళ్ళకు తిరువళ్ళూరు పెరుమాళ్ళే పెద్ద డాక్టరు. రోగాలు మాన్పుతాడని ఆయనకు పేరు. ఏ అవయవానికి జబ్బు చేస్తే ఆ అవయవాన్ని రేకు మీద అచ్చు కొట్టించినది కొని హుండీలో వెయ్యాలి. మా వీధిలో కళ్ళు వేసినవాళ్ళు ఉన్నారు, కడుపు వేసినవాళ్ళు ఉన్నారు. ఆ వచ్చే అమావాస్యకు నన్ను తీసుకొచ్చి కాలు వేస్తానని అమ్మ మొక్కుకుంది. మొక్కుకున్నాకే నాకు చెప్పింది.

అమావాస్య నాడు రైలెక్కి తిరువళ్ళూరు పోయాం. గుడి ముందు రేకుల దుకాణంలో పళ్ళెం నిండా మనిషి ముక్కలు ముక్కలుగా ఉన్నాడు. కళ్ళు ఒక కుప్ప, చెవులు ఒక కుప్ప, చేతులు, పాదాలు, గుండెకాయ. నేను పళ్ళెమంతా వెతికాను. నాకు కావలసిన చోటుకు రేకు లేదు. దాన్ని చెక్కడానికి కంసాలికి కూడా సిగ్గేసి ఉంటుంది. ఒక మూల నిలువెత్తు మనిషి రేకు మాత్రం కనబడింది.

“అమ్మా, మొత్తం మనిషిని వేద్దాం,” అన్నాను.

“కాలికి మొత్తం మనిషెందుకురా? కుడికాలు ఇయ్యన్నా.”

దుకాణం ఆయన కాళ్ళ కుప్ప అంతా కెలికాడు. అన్నీ ఎడమకాళ్ళే. ఆ నెలలో కుడికాలు నొప్పులు ఎక్కువగా వచ్చి ఉంటాయి. ఆయన ఏమాత్రం తొణక్కుండా ఒక ఎడమకాలు తీసి బోర్లా తిప్పి అమ్మ చేతిలో పెట్టాడు.

“తిరుప్పి పోట్టా వలదు కాల్ దానే అమ్మా,” అన్నాడు. తిప్పి వేస్తే అదే కుడికాలట.

అమ్మ దాన్ని ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. నిజమే. హుండీ దగ్గర దాన్ని బోర్లా పట్టుకుని, మెల్లగా లోపలికి జార్చింది. లోపల పడేటప్పుడు అది ఎటు తిరిగిందో పెరుమాళ్ళకే తెలియాలి. నేను కళ్ళు మూసుకుని, స్వామీ, రేకు చూసి మోసపోవద్దు, కొంచెం పైన, అని మొక్కుకున్నాను. అక్కడి పెద్దాసుపత్రికి ఒక్కణ్ణే జారుకుందామని ఇంటి నుంచి అనుకుంటూ వచ్చాను గానీ, కాలు నొప్పి కొడుకని అమ్మ నా చెయ్యి వదల్లేదు.

వెంటనే నడక బాగైతే అనుమానం వస్తుంది. పది రోజులు కుంటి, మెల్లమెల్లగా మానుకుందామని లెక్క వేసుకున్నాను. కుంటడం కూడా ఒక పనే. మరిచిపోకుండా చెయ్యాలి. ఒకరోజు నూలు మూట ఎత్తుకుని వస్తూ ఏదో ఆలోచనలో ఉండి ఎడమకాలు కుంటుతూ నడిచాను. అమ్మ గడపలో నిలబడి చూసింది. చేతిలో చేట కింద పడేసింది.

“అయ్యో, రేకు తిరగబడిందిరా!”

క్షణంలో వీధి ఆడవాళ్ళంతా చేరారు. విషయం విన్నారు. అందరిదీ ఒకటే తీర్పు. తిప్పి వేసిన రేకు లోపల మళ్ళీ తిరిగి ఎడమకాలుగానే పడింది. పెరుమాళ్ళు ఇచ్చింది ఇచ్చినట్టు తీసుకున్నాడు. ఎడమకాలికి లేని నొప్పిని ఎట్లా తీస్తాడు? అందుకని కుడికాలి నొప్పిని ఎడమకాలికి మార్చాడు, ఇక దాన్నైనా తీస్తాడో లేదో. ఇంత సక్రమంగా ఆలోచించిన మనుషుల ముందు నేను చెప్పగలిగేది ఏముంది? ఆ రోజు నుంచి ఎడమకాలు కుంటడం మొదలుపెట్టాను. పొద్దున లేవగానే ఎడమ, ఎడమ అని జ్ఞాపకం చేసుకునేవాణ్ణి.

నాయన ఒక్కడే, “మగ్గం మీద రెండు కాళ్ళూ బాగనే తొక్కతాండాడే,” అన్నాడు. ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

మెడికల్ రోజు వచ్చింది. తామర అట్లాగే ఉంది. బావ నన్ను ఫ్యాక్టరీ ఆసుపత్రి వాకిట్లో వదిలి, ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్ళాడు. మమ్మల్ని పదిహేను మందిని ఒక హాల్లో వరసగా నిలబెట్టి అన్నీ విప్పమన్నారు. విప్పి, రెండు చేతులూ ముందు పెట్టుకుని నిలబడ్డాను. డాక్టరు వస్తూ వస్తూ నా ముందు ఆగి, కలం కొసతో నా చేతుల్ని పక్కకు జరిపాడు.

“ఎత్తనై మాసం?” అన్నాడు. ఎన్ని నెలల నుంచి అని.

“రెండు నెలలు సార్.”

ఆయన పక్కనున్న గుమాస్తా చేత ఒక చీటీ మీద మందు పేరు రాయించి నా చేతిలో పెట్టాడు. ఈ వరసలో ఆరుగురికి ఇదే ఉంది, పొద్దునా సాయంత్రం రాసుకో, బట్టలు ఎండలో ఆరెయ్యి, అన్నాడు. అంతే. ఎవరికి తప్పు చేశానని ఇన్నాళ్ళు నేను దాక్కున్నాను? నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంత సంతోషంలో ఉండగా, ఆ గోడ దాకా పోయి తిరిగి రమ్మన్నాడు.

పోయాను. తిరిగి వచ్చాను. డాక్టరు కలం ఆగిపోయింది.

“పోలియోవా?”

అప్పుడు తెలిసింది, నేను ఎడమకాలు కుంటుతూ నడిచానని.

“లేదు సార్. అలవాటు.”

“అలవాటా?”

మళ్ళీ నడవమన్నాడు. ఈసారి కుంటకూడదు, ఎడమకాలు సరిగ్గా వెయ్యాలి అని మనసంతా దాని మీద పెట్టి నడిచాను. కుడికాలు కుంటుతూ వచ్చాను. మూడోసారి నడవమన్నప్పుడు రెండు కాళ్ళూ జ్ఞాపకం పెట్టుకోబోయి గోడ దగ్గర నిలబడిపోయాను. ఒంటి మీద నూలుపోగు లేకుండా, చేతిలో తామర చీటీ పట్టుకుని, నడక మరిచిపోయిన మనిషిని ఆ హాలంతా చూసింది. డాక్టరు నా కాగితం మీద అడ్డంగా ఏదో రాశాడు.

ఉద్యోగం పోయింది. కుంటివాణ్ణి ఎత్తుకొచ్చినావా అని తన సెక్షన్లో నవ్వారని బావ నాతో ఆరు నెలలు మాట్లాడలేదు.

ఇంట్లో, కాలు వల్ల పోయిందని చెప్పాను. అమ్మ, “తప్పు నీది గాదురా. ఎడమ రేకు వేసింది నేను,” అంది. ఆ పూట అన్నం తినలేదు. మరునాడు చెప్పింది. తిరుమల కొండకు నడిచిపొయ్యే దారిలో మోకాళ్ళ మెట్టు అని ఉంటుంది కదా, అక్కడ జనం మోకాళ్ళ మీద ఎక్కడం తాను చూసిందట. మన కొండకు అట్లా నూట ఎనిమిది మెట్లు ఎక్కుతానని, తన కొడుకు కాలు బాగుచెయ్యమని మురుగయ్యకు మొక్కుకుందట. అప్పుడే చెప్పి ఉండాల్సింది. రెండు రోజులు నోరు తెరిచాను, మూశాను. ఒళ్ళంతా విప్పి నిలబడినవాణ్ణి, ఒక్క మాట విప్పలేకపోయాను. అంత పిరికివాణ్ణి నేను.

కృత్తిక నాడు కొండకు పోయాం. మెట్ల మీద జనం, కావళ్ళు, హరోహర అనే కేకలు. అమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని మొదటి మెట్టు మీద మోకాలు పెట్టింది. ఒక మెట్టు ఎక్కడం, పసుపూ కుంకుమా పెట్టడం, ఇంకో మెట్టు. ఇరవై దాటేసరికి ఊపిరి ఎగబోసింది. ముప్పై దగ్గర చీర మీద రెండు ఎర్రటి మచ్చలు కనబడ్డాయి. ముప్పై ఆరో మెట్టు మీద నేను ఆమె భుజం పట్టుకున్నాను.

“అమ్మా, లే. నా కాలు బాగనే ఉండాది. ఎప్పుడూ బాగనే ఉండె.”

“మరి?”

“తామర.” అమ్మకు వినబడలేదు, మేళాల చప్పుడు. “గజ్జల్లో తామరమ్మా!” అని అరిచాను. సరిగ్గా అప్పుడే మేళం ఆగింది.

కాంపౌండరు చెవిలో చెప్పలేని మాట తిరుత్తణి కొండ మెట్ల మీద పదిమందికి చెప్పాను. పైనుంచి దిగుతున్న ఒక ముసలామె ఆగి, “సీమై అగత్తి ఇలై పోట్టియా తంబి?” అంది. ఆ ఆకు నూరి నిమ్మరసంలో కలిపి పట్టిస్తే మూడు రోజుల్లో పోతుందట. కాదు, వేపనూనె అన్నాడు ఇంకొకాయన. ఇద్దరికీ వాదన మొదలైంది. కావడి మోస్తున్న ఒకాయన, నాకూ ఉంది తమ్ముడూ అని దిగులుగా చెప్పాడు. రెండు చేతులూ కావడికి ఉన్నందువల్ల పాపం గోక్కోలేకపోతున్నాడు.

అమ్మ మెట్టు మీద కూలబడి నా వైపు చూసింది. కొడుతుందనుకున్నాను.

“మీ నాయనకు పెండ్లినాటికే ఉండె. మీ తాతకు ఉండె. గుంతలో కూర్చునే వానికి రాక ఇంకెవురికి వస్తాది? దీనికా, ఇన్ని దినాలు నా దగ్గిర కుంటినావు?” అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నన్ను అడిగుంటే ఒక ఆకు తెచ్చి నూరిచ్చేదాన్ని గదరా.”

ఆ మాటకు నేనూ ఏడ్చాను. ఏడ్చి, లేపబోయాను. అమ్మ నా చెయ్యి తోసేసి మళ్ళీ మోకాళ్ళ మీదికి వంగింది.

“ఇంకెందుకమ్మా? కాలు బాగుందని చెప్పినాను గదా!”

“అదే గదా. కాలు బాగుండాలని మొక్కినాను. బాగుంది. మొక్కు చెల్లించకుంటే ఎట్ల?”

నేను ఎంత చెప్పినా వినలేదు. కాలు ముందు నుంచీ బాగుంటే స్వామి ముందు నుంచే బాగా చూసుకున్నట్టు, అప్పుడు ఇంకా ఎక్కువ ఎక్కాలి గానీ తక్కువ ఎక్కకూడదు అంది. నేను కూడా పక్కన మోకాళ్ళ మీదే ఎక్కాను. నూట ఎనిమిదో మెట్టు మీద అమ్మను ఇద్దరు ఆడవాళ్ళు పట్టి లేపాల్సి వచ్చింది.

చీటీ మీద రాసిన మందుతో నా తామర రెండు వారాల్లో మానింది. ఫ్యాక్టరీ వాళ్ళు మళ్ళీ పిలవలేదు, ఇంకో పదకొండేళ్ళు ఆ గుంతలోనే నేశాను. అమ్మ మోకాళ్ళు మాత్రం ఆ తర్వాత సరిగ్గా వంగలేదు. నేల మీద కూర్చోవాలంటే గోడ పట్టుకునేది. ఎవరైనా ఏమైందని అడిగితే, “మావానికి కాలు బాగైంది గదా, దానికి కొండెక్కినాను,” అని గొప్పగా చెప్పేది. తామర మాట చచ్చేదాకా ఒక్కరికి కూడా చెప్పలేదు. నేను పక్కనే నిలబడి వినేవాణ్ణి.